చెడ్డవాడి చిరునామా ఎక్కడ?

పది తలలు, కోరమీసం, చింతనిప్పుల్లాంటి కళ్లు, గుండెలదిరే నవ్వు... చెడ్డవాడనగానే మన కళ్లముందు కదిలే బొమ్మ ఇదే. పురాణాల నుంచి సినిమాల దాకా కథల్ని నడిపించింది మంచీ చెడుల పోరాటమే. కానీ అవే కథల్ని కాస్త నిదానంగా తిరగేస్తే... చెడ్డవాడు మనం అనుకున్న చోట కనిపించడు!

విజయదశమి సాయంత్రం. మైదానం నిండా జనం. నాన్నల భుజాల మీద పిల్లలు. ఎదురుగా ఆకాశమంత రావణుడు, అటూ ఇటూ కుంభకర్ణుడు, మేఘనాథుడు. రాముడి వేషం వేసిన కుర్రాడు నిప్పుల బాణం వదులుతాడు. టపాసులు ఢాం ఢామ్మని పేలతాయి. పది తలలూ ఒక్కొక్కటే కూలిపోతాయి. మంచి గెలిచింది, చెడు ఓడింది, ఇక ఇంటికి పదండి!

అదే రోజు మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌కు వెళ్తే కథ వేరు. అక్కడి ఖాన్‌పురా ప్రాంతంలో రావణుడికి పెద్ద విగ్రహం ఉంది. మండోదరి పుట్టిల్లు తమ ఊరేనని అక్కడివారి నమ్మకం. ఆ లెక్కన రావణుడు ఊరికి అల్లుడు. అందుకే ఆడవాళ్లు ఆ విగ్రహం ముందుకొస్తే తలమీద కొంగు లాక్కుంటారు. అల్లుడు ఎలాంటివాడైనా అల్లుడే కదా! ఢిల్లీ పక్కనున్న బిస్రఖ్ గ్రామస్థులు రావణుడు తమ ఊళ్లోనే పుట్టాడంటారు. కాన్పూర్‌లో దశాననుడి గుడి ఏడాదికి ఒక్కసారే, అదీ దసరా రోజే తెరుచుకుంటుంది. కేరళలోని కొల్లం జిల్లా మలనాడలో ఏకంగా దుర్యోధనుడికే గుడి ఉంది.

ఒక ఊరికి రాక్షసుడైనవాడు ఇంకో ఊరికి ఇంటి మనిషి! మరి మంచివాడెవరో, చెడ్డవాడెవరో తేల్చేదెలా?

పుట్టుకతో వచ్చేది కాదు

చెడు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఈనాటిది కాదు. లోకంలో వెలుగుకు ఒక శక్తి, చీకటికి ఒక శక్తి ఉన్నాయనీ, ఆ రెండింటి యుద్ధమే సృష్టి అనీ చెప్పింది ప్రాచీన పర్షియాలోని జరతుష్ట్ర సంప్రదాయం. అలాంటి ఆలోచనతోనే పుట్టిన మాని మతంలో యవ్వనంలో కొన్నేళ్లు గడిపి, తర్వాత క్రైస్తవుడైన తత్వవేత్త అగస్టీన్ దాన్ని కాదన్నాడు. చెడు అనేది విడిగా ఉండే వస్తువు కాదు, మంచి లేకపోవడమే చెడు అన్నది ఆయన వాదన. ఒంట్లో ఆరోగ్యం లోపిస్తే రోగం వచ్చినట్టు!

మన పురాణాలది ఇంకో దారి. అవి చెడుకు విడిగా ఓ సృష్టికర్తను చూపించలేదు. చెడ్డవాళ్లను కూడా మన వీధిలోంచే, మన ఇంట్లోంచే తీసుకొచ్చాయి. వైకుంఠంలో ద్వారపాలకులైన జయవిజయుల కథ తెలిసిందేగా. సనకాది మునుల శాపంతో వాళ్లు హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టారు. అంటే విష్ణుమూర్తి మూడు యుగాల్లో చంపింది ఎవరినో కాదు, తన వాకిట్లో కాపలా కాసినవాళ్లనే!

నరకాసురుడు సాక్షాత్తూ భూదేవి కొడుకు. సత్యభామ భూదేవి అంశ అంటారు. ఏటా దీపావళికి మనం దీపాలు పెట్టేది కన్నతల్లే కొడుకును శిక్షించిన కథకు. హిరణ్యకశిపుడి కడుపున ప్రహ్లాదుడు పుట్టాడు. ప్రహ్లాదుడి మనవడు బలి చక్రవర్తి. ఎదుట నిలిచినవాడు విష్ణువని గురువు శుక్రాచార్యుడు హెచ్చరించినా ఇచ్చిన మాట తప్పనివాడు. అతడు రాక్షసుడా? పోతన భాగవతం చదివిన తెలుగువాడెవరూ బలిని చెడ్డవాడనలేడు.

ఇక కైక. దశరథుణ్ని యుద్ధభూమిలో కాపాడిన ధీర. రాముణ్ని సొంత కొడుకులా చూసుకున్న తల్లి. పట్టాభిషేకం కబురు తెచ్చిన మంథరకు సంతోషంతో నగ బహుమతిగా ఇచ్చిందంటాడు వాల్మీకి. ఆ సంతోషం తెల్లారేదాకా నిలవలేదు. చెవిలో పడ్డ నాలుగు మాటలు ఆమెను మార్చేశాయి. అక్కడ రాక్షసులెవరూ లేరు. ఉన్నదల్లా ఒక భయం... ‘రేపు నా కొడుకు గతేంటి?’ అని. ఆ భయం తెలియని ఇల్లు ఉందంటారా?

మంచివాళ్లకూ మచ్చలు

చెడ్డవాళ్లకు మంచి గుణాలు అద్దిన మన కవులు, మంచివాళ్లను ప్రశ్నించకుండా వదల్లేదు. చెట్టు చాటు నుంచి బాణం వేసిన రాముణ్ని, ప్రాణాలు పోతున్న వాలి నిలదీస్తాడు. రాముడు జవాబు చెబుతాడు. ఆ జవాబు సరిపోయిందా లేదా అని పండితులు ఇప్పటికీ తర్కించుకుంటూనే ఉన్నారు.

కురుక్షేత్రంలో ద్రోణుడి చేత అస్త్రసన్యాసం చేయించడానికి ధర్మరాజు సగం నిజం పలికాడు. ఏనుగు సంగతి మెల్లగా గొణిగాడు. అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణమే నేలను తాకింది. గెలిచినవాడి తప్పును కూడా రాసిపెట్టిన కథ అది.

అసలు దెబ్బ చివర్లో ఉంది. అన్నీ వదులుకుని స్వర్గం చేరిన ధర్మరాజుకు మొదట కనిపించింది ఎవరో తెలుసా? సింహాసనం మీద వెలిగిపోతున్న దుర్యోధనుడు! తమ్ముళ్లేరి, ద్రౌపది ఏది అని అడిగితే దేవదూత నరకం దారి చూపించాడు. అక్కడ తనవాళ్ల ఆర్తనాదాలు విని, వీళ్లు లేని స్వర్గం నాకెందుకని ధర్మరాజు అక్కడే ఉండిపోయాడు. కాసేపటికి అదంతా పరీక్షేనని తేలుతుంది. కానీ పద్దెనిమిది రోజుల యుద్ధం తర్వాత కూడా, ‘వీళ్లు మంచి, వాళ్లు చెడు’ అని గీత గీసి పుస్తకం మూసేయలేదు వ్యాసుడు. తిక్కన ఆ ఘట్టాన్ని తెలుగు చేసి ఏడు శతాబ్దాలు దాటింది. ఇప్పటికీ అది మింగుడుపడదు.

దేవుడూ ఆయనే... రావణుడూ ఆయనే!

ఈ గుట్టు మన నాటకాలవాళ్లకు, సినిమావాళ్లకు బాగా తెలుసు. తెలుగువారు రాముడంటే, కృష్ణుడంటే ఎన్టీఆర్‌నే తలచుకుంటారు. ఆ ఎన్టీఆరే ‘భూకైలాస్’ (1958)లో, ‘సీతారామ కళ్యాణం’ (1961)లో రావణుడు. ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966)లో కృష్ణుడూ తనే, దుర్యోధనుడూ తనే. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు... మూడు వేషాలూ ఆయనవే. అందులో దుర్యోధనుడికి భానుమతితో యుగళగీతం కూడా పెట్టారు! కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణల్ని జనం కంఠతా పట్టారు. విచిత్రమేమిటంటే, ఎక్కువమంది నోట పలికినవి దేవుడి మాటలు కాదు, సుయోధనుడివి!

ఎస్వీ రంగారావు సంగతీ అంతే. ‘పాతాళ భైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడిగా పిల్లల్ని హడలగొట్టిన మనిషే ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడై వాళ్లను నవ్వించాడు. ఆ సినిమాలో ఓ తమాషా గమనించారా? రాక్షసుడు మంచివైపు ఉంటాడు. పన్నాగాలు పన్నే శకుని మాత్రం మనిషే! ‘నర్తనశాల’ (1963)లో ఎస్వీఆర్ వేసిన కీచకుడి పాత్ర జకార్తా చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిపెట్టింది.

చెడ్డ పాత్రలంటే మగవాళ్లవే కాదు. గయ్యాళి అత్త అనగానే గుర్తొచ్చే పేరు సూర్యకాంతం. ఆమె నటన ఎంతగా నాటుకుపోయిందంటే, ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి తెలుగువాళ్లు వెనకాడారని చెప్పుకుంటారు. బయట మాత్రం ఆమె షూటింగుకు క్యారియర్లు తెచ్చి పదిమందికీ కొసరి కొసరి వడ్డించే మనిషని తోటి నటులు తలచుకునేవారు.

ఇది మన దగ్గరే కాదు. 1977లోనే అమెరికాలో ‘స్టార్ వార్స్’ విడుదలైంది. నల్ల ముసుగు, బుసకొట్టే ఊపిరితో డార్త్ వేడర్ చెడుకు మారుపేరైపోయాడు. 1980లో వచ్చిన రెండో భాగంలో అతడు కథానాయకుడి కన్నతండ్రేనని తెలిసి ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. 1983లో వచ్చిన మూడో భాగంలో ఆ తండ్రే కొడుకును కాపాడి ప్రాణం విడుస్తాడు. ప్రహ్లాదుడి కథ విన్నవాళ్లకు తండ్రీ కొడుకుల వైరం కొత్తేం కాదు కానీ, ముసుగు వెనక మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు కలిగే కలవరం ఎక్కడైనా ఒకటే.

విలన్ వేషం మార్చాడు

పురాణాలు పక్కనపెట్టి సాంఘికాల్లోకి వస్తే ఇంకో సరదా కనిపిస్తుంది. ఏ కాలంలో జనం ఎవరికి భయపడ్డారో తెలియాలంటే ఆ కాలపు విలన్ను చూస్తే చాలు!

‘రోజులు మారాయి’ (1955) రోజుల్లో చెడ్డవాడంటే రైతు భూమి మీద కన్నేసిన భూస్వామి. బాపు, ముళ్లపూడి వెంకటరమణల ‘ముత్యాలముగ్గు’ (1975) నాటికి వాడు కాంట్రాక్టరయ్యాడు. రావుగోపాలరావు అరవడు, కళ్లెర్రజేయడు. కళాపోషణ గురించి తీరిగ్గా కబుర్లు చెబుతూనే ఘోరాలు చేయిస్తాడు. ఉత్తర రామాయణాన్ని నేటి ఇంట్లో నడిపించిన ఆ కథలో రావణుడు పక్కింటి పెద్దమనిషిలా ఉంటాడు. అందుకే అంత భయపెట్టాడు.

టి.కృష్ణ ‘ప్రతిఘటన’ (1985)లో రౌడీ రాజకీయ నాయకుడయ్యాడు. ‘అంకుశం’ (1989)లో రామిరెడ్డి ‘స్పాట్’ అంటే హాలు హాలంతా ఉలిక్కిపడింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’లతో తెరంతా ఫ్యాక్షన్ పగలే. 2009లో ‘అరుంధతి’లో పశుపతి మళ్లీ మంత్రగాళ్ల కాలానికి తీసుకెళ్లాడు.

ఈలోగా మరో మార్పు మెల్లగా జరిగింది. విలన్ మనకు నచ్చడం మొదలుపెట్టాడు! ‘షోలే’ (1975)లో ఊళ్లను దోచుకున్న గబ్బర్ సింగ్‌తోనే ఆ తర్వాత పిల్లల బిస్కెట్లకు ప్రకటన చేయించారు. 2021లో వచ్చిన ‘పుష్ప’లో హీరోయే ఎర్రచందనం స్మగ్లర్. ఆ పాత్రకు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నారు. తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

నటనకు దక్కిన గౌరవం న్యాయమైనదే. కాకపోతే తెర మీద ఈలలు వేయించిన ఆ వ్యాపారానికి బయట ఇంకో ముఖం ఉంది. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో ఒకేరోజు 20 మంది చనిపోయారు. వాళ్లు ఎర్రచందనం కోసం వచ్చినవాళ్లని పోలీసులు చెప్పారు. కూలి కోసం బతికేవాళ్లని, అది బూటకపు ఎన్‌కౌంటరని హక్కుల సంఘాలు అన్నాయి. అసలు వ్యాపారులెవరూ అందులో లేరు. సినిమా చూస్తున్నంతసేపూ మనం నాయకుడి వెంటే నడుస్తాం. దుంగలు మోసే మనిషి పేరు కూడా గుర్తుండదు.

చెడ్డవాణ్ని అర్థం చేసుకోవడం వేరు, వాడికి చప్పట్లు కొట్టడం వేరు. ఎన్టీఆర్ దుర్యోధనుడికి గంభీరమైన మాటలిచ్చినా, ద్రౌపది కన్నీళ్లను దాచలేదు. దెబ్బతిన్నవాళ్లు కథలో కనిపిస్తున్నంతకాలం విలన్ ఎంత అందంగా ఉన్నా ముప్పులేదు. వాళ్లను తప్పించేసినప్పుడే అసలు చిక్కు.

కోరలు లేని క్రూరుడు

తెర సంగతి సరే, నిజజీవితంలో ఘోరాలు చేసేవాళ్లు ఎలా ఉంటారు? 1961లో జెరూసలేం న్యాయస్థానంలో అడాల్ఫ్ ఐక్‌మన్ అనే నాజీ అధికారి బోనెక్కాడు. లక్షలాది యూదుల్ని మరణ శిబిరాలకు తరలించే రైళ్ల ఏర్పాట్లు చూసినవాడు. రాక్షసుణ్ని చూద్దామని వెళ్లినవాళ్లకు కళ్లజోడు పెట్టుకున్న బక్కపలచటి గుమాస్తా కనిపించాడు. పైవాళ్లు చెప్పింది చేశానన్నాడు. ఆ విచారణ చూసిన తత్వవేత్త హన్నా ఆరెంట్ 1963లో పుస్తకం రాశారు. మహా ఘోరాలు చేయడానికి మహా దుర్మార్గుడే కానక్కర్లేదు, తాను చేస్తున్నదేమిటో ఆలోచించడం మానేసిన మామూలు మనిషి చాలన్నది ఆమె మాట. ఐక్‌మన్ అంత అమాయకపు గుమాస్తా ఏం కాదనీ, యూదుల మీద ద్వేషంతో తెలిసే చేశాడనీ తర్వాతి పరిశోధకులు ఆధారాలు చూపించారు. అయినా ఆరెంట్ లేవనెత్తిన ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

అదే 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఓ ప్రయోగం మొదలుపెట్టాడు. పక్కగదిలోని మనిషి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు పెంచుతూ పోవాలి. షాకులు ఉత్తుత్తివే, ఆ సంగతి మీట నొక్కేవాళ్లకు చెప్పలేదు. కోటు వేసుకున్న పెద్దమనిషి ‘కానివ్వండి’ అంటుంటే, మొదటి ప్రయోగంలో పాల్గొన్న 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల దాకా వెళ్లారు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మధ్యలో వద్దన్నారు కూడా. అయినా నొక్కారు. ఆ ప్రయోగం చేసిన పద్ధతి మీద, పాల్గొన్నవాళ్లు దాన్ని ఎంతవరకు నమ్మారన్న దాని మీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి. కానీ ‘నేనైతే నొక్కేవాణ్ని కాదు’ అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఆ సభలో ఒక్కడు

ఈ మాటను మహాభారతం ఎప్పుడో చెప్పింది. జూదం తర్వాతి సభ గుర్తు చేసుకోండి. ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చింది దుశ్శాసనుడు. ఆజ్ఞ ఇచ్చింది దుర్యోధనుడు. మరి మిగతా సభ? భీష్ముడున్నాడు. ద్రోణుడున్నాడు. కృపుడున్నాడు. చదువు, వయసు, పరాక్రమం... అన్నీ ఉన్నవాళ్లే. ద్రౌపది సూటిగా ప్రశ్న అడిగింది. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిదని. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదన్నాడు. మిగతా పెద్దలు తలలు దించుకున్నారు.

విదురుడు కాక, లేచి మాట్లాడింది ఒక్కడే. వికర్ణుడు. ఎవరతను? దుర్యోధనుడి తమ్ముడు! నూరుగురు కౌరవుల్లో ఒకడు. అన్న ఎదుటే, నిండు సభలో, ఇది అధర్మమన్నాడు. చిన్నవాడివి, నీకేం తెలుసని కర్ణుడు గద్దించి కూర్చోబెట్టాడు. యుద్ధంలో వికర్ణుడు అన్న పక్షానే నిలిచి భీముడి చేతిలో చనిపోయాడు. కౌరవుల్ని చంపుతానన్న ప్రతిజ్ఞ నెరవేర్చుకుంటున్న భీముడు కూడా అతడి కోసం దుఃఖించాడు.

మంచివైపు, చెడువైపు అని రెండే గీతలు గీస్తే వికర్ణుణ్ని ఎక్కడ పెట్టాలి? భీష్ముణ్ని ఎక్కడ పెట్టాలి? పుట్టిన పక్షాన్ని బట్టి కాదు, ఆ నిమిషంలో నోరు విప్పాడా లేదా అన్నదాన్ని బట్టి చూస్తే మాత్రం లెక్క తేలిపోతుంది.

ఇంట్లో ఎలా చెప్పాలి?

ప్రతి పిల్లా, పిల్లాడూ ఏదో ఒకరోజు అడిగేదే... ‘అమ్మా, వీడు మంచోడా చెడ్డోడా?’ సినిమా మొదలైన అయిదు నిమిషాలకే ఆ ప్రశ్న వస్తుంది. చిన్నపిల్లలకు సూటి జవాబు కావాలి, ఇవ్వాలి కూడా. సీతను ఎత్తుకెళ్లడం తప్పా అంటే ముమ్మాటికీ తప్పే. రావణుడు గొప్ప శివభక్తుడనీ, వేదాలు చదివినవాడనీ చెప్పినంత మాత్రాన ఆ తప్పు తగ్గదు. పైగా, అంత చదివీ ఎందుకిలా చేశాడన్న అసలు ప్రశ్న అప్పుడే పుడుతుంది.

కాస్త ఎదిగిన పిల్లలైతే ఇంకో ప్రశ్న మనమే అడగొచ్చు. ‘ఆ సీనులో పక్కన నిలబడ్డవాళ్లు ఏం చేశారు?’ అని. బడిలో ఒకణ్ని పదిమంది చేరి ఏడిపిస్తుంటే ఏడిపించేది నిజానికి ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు నవ్వేవాళ్లు, చూసేవాళ్లు. ఇంటికొచ్చి ‘నేనేం చేయలేదమ్మా’ అంటారు. నిజమే, ఏమీ చేయలేదు.

పెద్దల లోకంలో ఇది ఇంకా మామూలు. పెళ్లిమాటల్లో కట్నం ఇంకో రెండు లక్షలు పెంచమని అడిగేది ఒక్కరే. చుట్టూ కూర్చున్న పెద్దమనుషులు క్యాలెండర్ వైపో, కాఫీ గ్లాసు వైపో చూస్తారు. పక్కవాటాలో కోడల్ని కొట్టిన చప్పుడు వినిపిస్తే టీవీ సౌండు పెంచుతారు. వరకట్నాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చింది. అయినా ఆచారం ఆగలేదంటే కారణం అడిగేవాళ్లు మాత్రమే కాదు. వాళ్లలో ఎవరికీ కోరలు లేవు, పది తలలు లేవు. శుభలేఖల మీద పేర్లున్న మనవాళ్లే.

‘చెడపకురా చెడేవు’ అన్నారు పెద్దలు. ఒకరిని చెడపకుండా ఉండటం సగం పనే. చెడుతుంటే చూసినప్పుడు ఒక్క మాట అనడం మిగతా సగం. ఆ మాట అన్నందుకు వికర్ణుడు గెలవలేదు, సభ ఆగలేదు. కానీ వేల ఏళ్ల తర్వాత కూడా ఆ సభ గురించి చెప్పేటప్పుడు అతడి పేరు విడిగా చెప్పాల్సి వస్తోంది. ఈసారి పిల్లలకు భారతం చెప్పేటప్పుడు ఆ పేరు మరిచిపోకండి.